తేలిక నడక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యానం రాయాలంటే ముందు మూలం ఉండాలి. నడక మీద మన ప్రాచీనులు పద్యాలు రాయకపోలేదు గాని, వారు నడిపించింది హంసలనీ, మదగజాలనీ, అభిసారికలనీ. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరుగారు రాసిచ్చిన నడక మీద ప్రబంధం ఏదీ కనబడదు. ఆ లోటు తీర్చడానికి వ్యాఖ్యాత తానే ఒక ఆటవెలది అల్లి, దానికి తానే టీక రాసుకుంటున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయినప్పుడు కవిహృదయం వెతకనక్కరలేదు. అయినా సంప్రదాయాన్ని మన్నించి కొంత వెతుకుదాం.

దేశం రోలుగుంట. ఒక పక్క తూర్పు కనుమల పాదం, ఇంకో పక్క చెరకు చేలు, మధ్య జీడిమామిడి తోటలు. కాలం కార్తీకం. పాత్రలు ఇద్దరు: సెలవురోజున పట్నం నుంచి దిగిన చిన్నబాబు, అతనికి బుద్ధి చెప్పే రేకు బోర్డు.

దేశం విషయంలో పాఠాంతరం ఉంది. "రోలుగుంట, విశాఖపట్నం జిల్లా" అని పాత పాఠం. 2022 ఏప్రిల్ 4 తరువాతి ప్రతులలో "అనకాపల్లి జిల్లా". ఓటు చోడవరం నియోజకవర్గానికి, రెవెన్యూ కాగితం నర్సీపట్నానికి వెళ్తాయి కనుక ఊరు ఏ దిక్కు చూస్తుందో చెప్పడం కష్టం. రెండు పాఠాలూ సాధువులే. రంగు వెయ్యని బోర్డుల మీద మొదటిదే ప్రమాణం.

మూలం

ఆ. నీళ్ల సీస దెచ్చి నెమ్మదిగ నడువు
అడవి పార్కు దాటి యచట కోట
చెట్టు పేరు తెలిసి చిత్రమ్ము తీయుమా
చెత్త వేయ వలదు చిన్న బాబు

ప్రతిపదార్థం

చిన్న బాబు = ఓ చిన్నబాబూ (వయసుతో నిమిత్తం లేదు, పింఛను పుచ్చుకునేవారైనా ఈ ప్రాంతంలో బాబే); నీళ్ల సీస = మంచినీళ్ళ సీసాను; తెచ్చి = ఇంటి దగ్గరే నింపి తెచ్చుకొని; నెమ్మదిగ = ఆయాసం రానంత మెల్లగా; నడువు = నడువుము; అడవి పార్కు = టిక్కెట్టు కొని ప్రవేశించదగిన అడవిని; దాటి = దాటగా; అచట = ఆ అవతల; కోట = ఒకప్పుడు ఒకరిదై ఇప్పుడు అందరూ చూడదగిన కట్టడము (కలదు); చెట్టు పేరు = ఎదురైన వృక్షము పేరు; తెలిసి = తెలుసుకొనిన పిమ్మట; చిత్రమ్ము = ఫోటోను; తీయుమా = తీసుకొనుము; చెత్త = తిని మిగిల్చినదానిని, తాగి మిగిల్చినదానిని; వేయ వలదు = అక్కడ పడవేయకుము.

టీక

నీళ్ల సీస: సీస అనగా సీసా. ఛందస్సు కోసం కవి దీర్ఘాన్ని కుదించాడు. ఇది సీసపద్యమని ఒకరు, సీసలోహమని మరొకరు వ్యాఖ్యానించారు. మొదటిది తాగడానికి పనికిరాదు, రెండోది ఆరోగ్యానికి పనికిరాదు. కనుక సీసాయే.

శంక: కొండవాలున గెడ్డ పారుతుండగా సీసా ఎందుకు? సమాధానం: గెడ్డ నీళ్ళు తాగి అరిగించుకునే కడుపు చిన్నబాబుకు లేదు. మరో శంక: ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు గదా, సీసా తేవచ్చునా? సమాధానం: నిషేధం జాబితాలో ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి, నీళ్ళ సీసా లేదు. చట్టం వదిలేసిన చోటును నాలుగో పాదంతో కవి పూరించాడు. రాగిచెంబు తెస్తే కవికి మరీ ఆనందం.

నెమ్మదిగ: భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు మీదుగా వచ్చినవారికి ఈ గుణం వేరే నేర్పనక్కరలేదు, ఆ రోడ్డు గోతులే గురువులు. పాత లెక్కలో కోసు అంటే సుమారు రెండు మైళ్ళు, నాలుగు కోసులు ఆమడ. చిన్నబాబు లెక్క వేరు, అది మణికట్టు గడియారంలో అడుగులుగా పడుతుంది. పదివేలు నిండేదాకా ఇంటి వరండాలో తిరిగేవారు కూడా కలరు. అలాంటివారు ఈ పద్యానికి అధికారులు కారు.

నెమ్మదిగా నడిచేవాడికి పల్లెలో ఒక విఘ్నం ఉంది. చెరకు చేను గట్టు మీది పెద్దాయన ఊరుకోడు. "ఏటి బాబూ, ఊరకనే నడుస్తన్నారేటి? బండి పాడయిపోనాదేటి? ఆటో ఆపమంటారేటి?" అంటాడు. పనిలేని నడక అనే పదార్థమే ఆయన తర్కంలో లేదు. ఆయనకు "ఆరోగ్యం కోసం" అని చెబితే జబ్బు చేసిందేమోనని మరీ జాలిపడతాడు. "గుడికి" అనడం ఉత్తమం.

అడవి పార్కు: ఇది ఏ సమాసమో తేలక వ్యాఖ్యాతలు మూడు వర్గాలుగా చీలిపోయారు. అడవి యొక్క పార్కు, అనగా షష్ఠీ తత్పురుషం అని అటవీ శాఖ పక్షం. అడవియే పార్కు, అనగా కర్మధారయం అని పర్యాటక శాఖ పక్షం. అడవి మొదట, పార్కు తరువాత, రెండింటి మధ్య ఒక చట్టం లోపించిన సమాసం అని చరిత్రకారుల పక్షం. మూడోదానికే మొగ్గుతున్నాం.

ఆ లోపించిన పదం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. దానితో రక్షితారణ్యం అనే గీత పడింది. గీతకు లోపల పోడు కొట్టడం నేరమైంది, కట్టెలేరుకోవడానికి అడ్డం వచ్చింది. దానికి తోడు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవారిని తోలి, కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా పడడానికి ఇవి ముఖ్య కారణాలు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, అన్నీ కాలినడకన. ఆ నడకను తేలిక నడకల పట్టికలో చేర్చడం కుదరదు.

అడవి పార్కుకు చక్కని ఉదాహరణ విశాఖ నగరం అంచున కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలోని అడవి, 2002లో అభయారణ్యమైంది. విస్తీర్ణం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. టిక్కెట్టు కొన్న చిన్నబాబుకు అందులో గీసిన దారి మేరకే నడిచే హక్కు. మిగతాది చిరుతపులిది, దానికి టిక్కెట్టు లేదు.

అడవిలో ఇలా షికారు తిరగడం పాశ్చాత్యుల వేడుక అని కొందరి ఆక్షేపం. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసినవాళ్ళ మనవలు ఆ మాట అనకూడదు. భేదం విస్తరిలో ఉంది. అప్పుడు అడ్డాకు, ఇప్పుడు థర్మాకోలు.

అచట కోట: రోలుగుంటలో కోట ఏది అని శంక. పక్కనే రావికమతం మండలంలో కొత్తకోట ఉంది గదా అని ఒకరి సమాధానం. అక్కడ దిగి కోట ఎక్కడని అడిగితే "మీరు నిలబడ్డదే కొత్తకోట" అంటారు. కనుక దృష్టాంతానికి విజయనగరం దాకా పోవాలి. అక్కడి కోటకు 1713లో విజయనామ సంవత్సరం విజయదశమినాడు శంకుస్థాపన చేశారంటారు. ఊరికి, రాజుకు, ఏడాదికి, పండక్కి, వారానికి అయిదు విజయాలు కలిశాయని ప్రతీతి. పేష్కష్ (కప్పం) బకాయి గొడవ ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కుంఫిణీ సేనతో జరిగిన పోరులో అక్కడి రాజు విజయరామరాజు మరణించడంతో ఆరో విజయం ఎవరిదో తేలింది. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చింది. కట్టలేని జమీలు వేలానికి వెళ్ళాయి. రోలుగుంటకు పొరుగునే ఉన్న గొలుగొండ జమీ 1837లో బకాయి కింద సర్కారుకే పోయింది. మిగిలిన జమీలకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం భరతవాక్యం పలికింది. విజయనగరం కోటను ఆ వంశపు వారసుడు పి.వి.జి. రాజు చదువుకు ఇచ్చేశారు. 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టారు. ఇప్పుడా గోడల వెనక ఆడపిల్లల కాలేజీ నడుస్తోంది. జమీందారీ కోటకు ఇంతకు మించిన సద్గతిని ఈ వ్యాఖ్యాత ఎరగడు.

ఇట్టిది ద్వీపాంతరాల్లోనూ కలదు. ఉత్తర ఐర్లండ్‌లో టోలీమోర్ అనే ప్రభువుల ఎస్టేటు ప్రభుత్వం చేతికి వచ్చి, 1955లో ఆ దేశపు తొలి అటవీ పార్కు అయింది. ఇంగ్లండ్‌లో కథ ఇంకొంచెం కారంగా ఉంటుంది. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీద, వేట కోసం దొరలు మూసిపెట్టుకున్న భూమిలోకి, కార్మికులు వందలమంది గుంపుగా నడిచి వెళ్ళారు. వారిలో అయిదుగురికి జైలు పడింది. చింతపల్లి ఘటనకు దాదాపు పదేళ్ళకు, ఆదివారంపూట షికారు చేసే హక్కు కోసం తెల్లవాళ్ళే తెల్లవాళ్ళ జైలుకు వెళ్ళారన్నమాట. మనవాళ్ళు అడిగింది షికారు కాదు, తిండిగింజ. అందుకే శిక్షలోనూ తేడా ఉంది.

కోట అంటే రాతిగోడే కానక్కరలేదనేవారు గొలుగొండ మండలం కృష్ణదేవిపేట వెళ్ళవచ్చు. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో కాల్చి చంపబడిన సీతారామరాజు సమాధి అక్కడి పార్కులో ఉంది, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధి కూడా అక్కడే. రోలుగుంట చిన్నబాబుకు ఒక పూటలో అందే చారిత్రక స్థలం ఇది.

చెట్టు పేరు తెలిసి: తెలిసి అనేది క్త్వార్థకం. ముందు తెలియాలి, తరువాత ఫోటో. ఈ క్రమాన్ని తలకిందులు చేయరాదు. మద్ది, కరక, తాని, ఇప్ప, మోదుగ, ఏగిస: ఈ ఆరింటిని గుర్తుపట్టగలిగితే తూర్పు కనుమల వాలులో పరువు దక్కుతుంది. అన్నిటినీ "ఏదో అడవి చెట్టు" అనేవాడు ఫోటోలో తన ముఖమే పెట్టుకోవాలి. దాని పేరైనా తెలుస్తుంది గనుక.

ఛందస్సు, అలంకారం

పద్యం ఆటవెలది, ఉపజాతి. నాలుగో పాదంలో "చెత్త"కూ "చిన్న"బాబుకూ యతిమైత్రి కుదిరింది. ఇది యాదృచ్ఛికమని కవి ప్రమాణం చేస్తున్నాడు. చూసినవారు నమ్మడం లేదు.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉండడం దాని లక్షణం. పడేసేది పట్నంబాబు, వంగి ఏరేది రోజుకూలీ ఆడమనిషి. తినేది చిన్నబాబు, కడుపుబ్బి చచ్చేది ఆవు. ఇంత నిర్దుష్టమైన లక్ష్యం అలంకారశాస్త్ర గ్రంథాలలోనైనా దొరకదు.

మహాశంక

"నడువు" అన్న విధి ఎవరికి?

మీమాంసకులు ఒక మాట చెబుతారు. దానంతట అది జరిగిపోయే పనికి విధి అక్కరలేదు. ఆకలైనవాడితో అన్నం తినమని శాస్త్రం చెప్పదు. కనుక నడవమని ఎవరికి చెప్పాలి? చెప్పకపోతే నడవనివాడికి. ఈ పద్యం కారున్నవాడికి మాత్రమే.

రోలుగుంట మండలంలోనే ఆర్ల పంచాయతీ ఉంది. దాని కొండ శివారుల్లో గిరిజన గూడేలు ఉన్నాయి. సరైన దారి లేక అక్కడివారు కొండ దిగి నడిచి వస్తారు. సంతకు నడక, రేషనుకు నడక, పింఛనుకు నడక. శాస్త్రభాషలో వారిది నిత్యకర్మ. చేసినందుకు పుణ్యం రాదు, మానేస్తే పూట గడవదు. చిన్నబాబుది కామ్యకర్మ. రక్తంలో చక్కెర తగ్గాలి, ఫోటోకు మెచ్చుకోళ్ళు రావాలి, ఫలం కోరి చేసేది. ఇక మూడోది నైమిత్తికం: నొప్పులొచ్చిన గర్భిణిని కర్రకు కట్టిన డోలీలో మోసుకుంటూ కొండ దింపడం. ఈ మూడో నడక వార్తలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. ఎన్నిసార్లు వచ్చినా అది నైమిత్తికంగానే ఉండిపోవడం వింత.

నూరేళ్ళ కిందట కొండవారు అడగని రోడ్డును వారి చేతనే కూలి ఎగ్గొట్టి వేయించారు. ఇప్పుడు అడుగుతున్న రోడ్డుకు అర్జీల మీద అర్జీలు పెట్టించుకుంటున్నారు. రోడ్డుకూ వారికీ ఉన్న సంబంధం ఎవరో తలకిందులుగా రాసిన సూత్రంలా ఉంది.

అయితే నడక మానుకోవాలా? మానక్కరలేదు. మానితే చిన్నబాబు మోకాళ్ళు పోతాయి గాని గూడేనికి రోడ్డు పడదు. నడిచేటప్పుడు తన కాలికింద దారి ఎవరు చదును చేశారో, ఎవరికి మూసి తనకు తెరిచారో తెలిసి నడవడం చాలు. చెట్టు పేరుకు చెప్పిన క్త్వార్థక నియమమే దీనికీ వర్తిస్తుంది: తెలిసి, తరువాత.

తాత్పర్యం

ఓయి చిన్నబాబూ! నీ నీళ్ళు నీవే తెచ్చుకో. మెల్లగా నడువు. అడవిలో గీసిన దారి తప్పకు. కోట కనిపిస్తే అది ఎవరిదై, ఎలా పోయి, ఎవరికి పనికొస్తోందో కనుక్కో. చెట్టును పేరు పెట్టి పలకరించి ఫోటో తీసుకో. తెచ్చినదంతా తిరిగి పట్టుకుపో.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కార్తీకమాసంలో పఠించి, చెప్పినట్టు ఆచరించినవానికి మోకాళ్ళు తేలికపడును, నిద్ర పట్టును. పఠించి ఆచరించనివానికి ఒక ఆటవెలది కంఠస్థమగును. పట్నం తిరిగి వెళ్ళాక నడక బాగుందని మీరు నలుగురికీ ఎలాగూ చెబుతారు. ఆ నోటితోనే ఆర్ల కొండకు రోడ్డు వెయ్యాలని కూడా చెప్పండి, వినవలసిన ఆఫీసుకు ఒక అర్జీ కూడా రాయండి.