పొయ్యి వెలగని రోజు కోసం

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే చాలు, ఇప్పుడు కొట్లలో మొదట ఖాళీ అయ్యేవి బ్రెడ్డు, పాల ప్యాకెట్లు, నూడుల్సు. మూడూ మూడే. మన ఉక్కకి బ్రెడ్డు రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. ఫ్రిజ్ ఆగిపోతే పాలు పూట తిరక్కుండా విరుగుతాయి. నూడుల్సుకి నీళ్లు మరగాలి. గాలివానకి ముందు పోయేది కరెంటు, దాని వెనకే మంచినీళ్లు. ఏవి ఉండవని తెలుసో వాటి మీదే ఆధారపడే తిండిని జనం ఎగబడి కొనుక్కుపోతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. మాది దివిసీమ. 1977 నవంబరు 19 అంటే మా వైపు ఇంకా గుండెలు ఝల్లుమంటాయి. ఆ రోజు వచ్చిన ఉప్పెన ముందు ఏ మూటా, ఏ డబ్బా నిలవలేదు. సొర్లగొంది, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. అటక మీద తిండి దాచుకున్నందువల్ల ఎవరూ ఉప్పెన నుంచి బతికి బయటపడలేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేది బతికినవాళ్ల మర్నాటి సంగతి.

ఆ మర్నాడు ఎలా ఉండేదంటే, బావుల్లో చెరువుల్లో ఉప్పునీళ్లు, వాటిలో తేలుతున్న పశువుల కళేబరాలు. దారులకి అడ్డంగా చెట్లు. పురిలో ధాన్యం తడిసి ముద్దయింది. ఇంట్లో నాలుగు గింజలు బియ్యం మిగిలినా వండడానికి ఎండు పుల్ల లేదు, నిప్పు లేదు, మంచినీళ్లు లేవు. బియ్యం ఉన్నవాడూ పస్తే, లేనివాడూ పస్తే. పూట గడిచింది ఎవరికంటే, మిద్దె అటక మీద డబ్బాలో అటుకులు, బెల్లం, వేరుశెనగ గుళ్లు ఉన్నవాళ్లకీ, ఆ ఇంటి ముందు చేయి చాచినవాళ్లకీ. కింద రాలిన కొబ్బరికాయల నీళ్లు తాగారు, ఆ కొబ్బరి ముక్కలతోనే అటుకులు నమిలారు. మా ఇళ్లలో ఆడవాళ్లకి ఆ తర్వాత అదొక నియమమైపోయింది: పొయ్యి వెలిగించకుండా ఇంటిల్లిపాదీ మూడు రోజులు తినగలిగే తిండి ఎప్పుడూ అటక మీద ఉండాలి.

అటుకుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి అవి టిఫిన్ సెంటర్లో పోపేసిన పోహా తప్ప ఇంకేం కావు. వడ్లు నానబెట్టి, వేయించి, వేడి మీదే రోట్లో దంచితే అటుకులవుతాయి. గింజ అప్పటికే ఉడికిపోయి ఉంటుంది. అందుకే దానికి మళ్లీ నిప్పక్కర్లేదు. చన్నీళ్లు చిలకరిస్తే మెత్తబడుతుంది. నీళ్లు లేకపోతే పొడిగానే నమలొచ్చు. దానిలో తడి లేదు కాబట్టి బూజుకి చోటు లేదు, పొడిగా మూత బిగించి పెడితే నెలల తరబడి అలాగే ఉంటుంది. దాచడానికైతే దొడ్డటుకులే మంచివి. పల్చటివి మూటలో నలిగి పొడైపోతాయి. మరమరాలు కూడా అలాంటి తిండే గాని, గాలి బుడగలు. బరువు లేవు, నిజమే, సంచి మాత్రం నిండిపోతుంది, కడుపు నిండదు.

బరువు మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చెప్పుకుందాం. ఒక మనిషికి ఒక రోజుకి పావుకిలో అటుకులు, నూట యాభై గ్రాముల పుట్నాల పప్పు, వంద గ్రాముల వేరుశెనగ గుళ్లు, వంద గ్రాముల బెల్లం. అంతా కలిపి 600 గ్రాములు. దాదాపు 2,300 కేలరీలు వస్తాయి, పెద్ద మనిషికి సరిపోతాయి. అదే శక్తి వండిన అన్నం నుంచి రావాలంటే పావు తక్కువ రెండు కిలోలు మోసుకెళ్లాలి, అదీ మర్నాటికి పాచిపోతుంది. అన్నంలో మూడింట రెండొంతుల దాకా ఉన్నది నీళ్లే. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి పొడి తిండి ఏడు కిలోల పైచిలుకు. ఒక స్కూలు సంచిలో పట్టేస్తుంది, పునరావాస కేంద్రానికి నడిచి వెళ్లాల్సి వచ్చినా ఒక్కరు మోయగలరు. ఈ లెక్క మా అత్తయ్యలకీ పిన్నులకీ కాగితం మీద తెలియదు, చేతికి తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కలంతా మునిగింది కదా. మా బంధువుల కుటుంబం ఒకటి అక్కడ మొదటి అంతస్తులో చిక్కుకుంది. ఇంట్లో బియ్యం బస్తా ఉంది, పప్పులున్నాయి, ఓట్సు ఉన్నాయి, డీప్ ఫ్రిజ్‌లో పరోటాలున్నాయి, నూడుల్సు డజన్ల కొద్దీ ఉన్నాయి. గ్యాసు కూడా ఉంది. కాని కరెంటు లేదు, మోటారు ఆడక పైన ట్యాంకు ఎండిపోయింది. చుట్టూ నడుం లోతు నీళ్లు, అందులో మురుగు. సీసాల్లో ఉన్న కాసిని మంచినీళ్లు తాగాలా, ఎసట్లో పొయ్యాలా? పరోటాలు కరిగి రెండో రోజుకి వాసనేశాయి. నిండా సరుకులున్న ఇంట్లో చిన్నపిల్ల బిస్కెట్ల కోసం ఏడ్చింది. ఇది విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అప్పుడు హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో కూడా పొట్లాలు దించారు, పడవల మీద కుర్రాళ్లు ప్రాణాలకి తెగించి తిరిగారు. వాళ్లందరికీ నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కాని తెల్లవారుజామున వండి, వేడి మీద పొట్లం కట్టి, సాయంత్రానికి సందు చివరి ఇంటికి చేరిన అన్నం ఎలా ఉంటుంది? వేడి అన్నాన్ని మూసిపెడితే లోపల చెమ్మ పట్టి పులిసిపోతుంది, అది తెచ్చినవాళ్ల తప్పు కాదు. పులిహోర అయితే చింతపండు పులుపుకీ నూనెకీ ఇంకొక పూట నిలుస్తుంది. అసలు మొదటి రెండు మూడు రోజులు ఏ పొట్లం కోసమూ కిటికీలోంచి ఎదురుచూడకుండా ఉండే ఏర్పాటు ఇంట్లోనే ఉంటే, ఆ పడవ మంచాన పడ్డ ముసలివాళ్ల దగ్గరికి ముందు వెళ్లేది.

ఒక్క విషయంలో ఈ రోజులే మేలు, అది ఒప్పుకోవాలి. 1977లో మాకు ఉప్పెన వస్తోందని చెప్పిన నాథుడు లేడు. ఇప్పుడు వాయుగుండం పుట్టినప్పటి నుంచి ఎటు కదులుతోందో, ఎక్కడ తీరం దాటుతుందో నాలుగు రోజుల ముందే చెబుతున్నారు. 2004 నుంచి మన సముద్రంలో పుట్టే తుఫాన్లకి పేర్లు కూడా పెడుతున్నారు. సెల్‌ఫోన్లో హెచ్చరిక మోగుతుంది. తుఫాను షెల్టర్లున్నాయి, జనాన్ని ముందే తరలిస్తున్నారు, అందువల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో! మాకు హెచ్చరిక లేదు, అటక మీద తిండి ఉంది. వీళ్లకి నాలుగు రోజుల గడువుంది, అటకే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు కూడా అది వస్తోందని ఊరందరికీ తెలుసు. అయినా కరెంటు పోయిన మర్నాటి నుంచే పాల కోసం, నీళ్ల కోసం జనం రోడ్ల మీదే ఉన్నారు.

మా కోడలు ఉద్యోగం చేస్తుంది. ఒకసారి అడిగింది, "మామయ్యగారూ, ఇవన్నీ వేయించి దంచే తీరిక ఎవరికుందండీ? కొనుక్కుంటే దొరుకుతాయిగా" అని.

"దొరుకుతాయమ్మా, మామూలు రోజుల్లో" అన్నాను.

తీరిక మాట మాత్రం నిజం. మా రోజుల్లో ఆ పనంతా ఆడవాళ్ల రెక్కల మీదే నడిచింది, మగాళ్లు డబ్బా అటకెక్కించడం తప్ప చేసిందేమీ లేదు. ఇప్పుడు కొడుకులు మూకుడు పట్టుకుంటే ఏం పోతుంది? మినుగులు సన్నసెగ మీద ఎర్రగా వేయించడానికి అరగంట పట్టదు. చల్లారాక మిక్సీలో పట్టి, ఆ పిండిని నెయ్యి కలపకుండా పొడిగానే డబ్బాలో పెట్టాలి. సున్నుండలు చుట్టి దాస్తే నెయ్యి పాతవాసన వస్తుంది. పిండిగా ఉంటే అంతకంటే ఎక్కువ కాలం ఆగుతుంది, కావాల్సిన రోజున బెల్లం తురుమేసి, నెయ్యి ఉంటే నెయ్యి, లేకపోతే రెండు చెంచాల నీళ్లు కలిపి ముద్ద చేసి పెట్టొచ్చు. పళ్లు లేని ముసలివాళ్లకీ, నడక నేర్చిన పిల్లలకీ దీన్ని మించింది లేదు. తొలి ఏకాదశికి చేసే పేలపిండీ ఈ కోవలోదే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లుంటే వాళ్ల వంతు బెల్లం తగ్గించి పుట్నాలు పెంచాలి, మాత్రలు అదే సంచిలో ఉండాలి.

సైన్యం కోసం మైసూరులో పనిచేసే డి.ఎఫ్.ఆర్.ఎల్. అనే పరిశోధనశాల ఉంది, 1961 నుంచీ ఉంది. అక్కడివాళ్లు ఉప్మా, పులావు లాంటివి సంచిలో పెట్టి మూసేసి, ఆ సంచితో సహా గట్టి వేడిలో ఉడికించి, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలిచేలా చేశారు. గొప్ప పని, నాకెంతో గౌరవం. అలాంటివి ఇప్పుడు కొట్లలోనూ అమ్ముతున్నారు. కాని అది వండిన తిండి, లోపల నీళ్ల బరువు ఉండనే ఉంది. నాలుగు సంచులు పెట్టుకోండి, మంచిదే, మొత్తం దాని మీదే ఆధారపడొద్దు. మా మనవడు డాలస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు వాళ్ల ఇళ్లలో కరెంటు పొయ్యిలన్నీ చల్లబడ్డాయి. ఆ తర్వాత వాళ్లు పాతికేళ్లు నిలుస్తుందని రాసి ఉన్న డబ్బా తిండి కొన్నారు. తేమంతా తీసేసిన తిండట, చాలా తేలిక. వేణ్నీళ్లు పోస్తేనే గాని మామూలు తిండి కాదట. "మరి వేణ్నీళ్లెలా రా?" అంటే క్యాంపు స్టవ్ కూడా కొన్నాం తాతయ్యా అన్నాడు. పాతికేళ్లు మూత తియ్యని తిండిని ఆపద రోజున మొదటిసారి రుచి చూడటం నాకు మింగుడు పడదు. పిల్లలు ముందెప్పుడూ తినని తిండిని భయంలో అసలు తినరు.

ఉప్పు గురించి అందరూ మరిచిపోతారు. ఉప్పు తింటే నీళ్లు ఎక్కువ కావాలి, మూటలో అసలు బరువంతా నీళ్లది. మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకి 36 లీటర్లు, అంటే తిండికి అయిదు రెట్ల బరువు. అలాంటప్పుడు ఉప్పు చల్లిన చిప్సు, కారప్పూస, మిక్చరు సంచి నిండా కుక్కుకుంటే ఏమవుతుంది? దాహం రెట్టింపు. ఊరగాయ, ఎండుచేపలు, ఊరమిరపకాయలు నిలవుండే తిండే, మా ఇళ్లలోనూ అటక మీదే ఉండేవి. ఉప్పెన డబ్బాలో మాత్రం వాటిని పెట్టనిచ్చేవాళ్లు కాదు. విరేచనాలకి ఉప్పు, పంచదార మాత్రం తప్పకుండా కట్టి ఉంచాలి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి. ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లాలున్నాయి, ఇంకా సులువు.

వేరుశెనగతో ఒక్క జాగ్రత్త. దానిలో నూనె ఎక్కువ, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. చెమ్మ తగిలి బూజు పడితే గింజలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మళ్లీ వేయించినా అది పూర్తిగా పోదు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని చేదు తగిలితే ఆ డబ్బా మొత్తం పారబొయ్యాలి, కొంచెమే కదా అని ఏరి దాచకూడదు. బెల్లం వానాకాలం చెమరుస్తుంది, అందుకని అటుకులతో కలిపి పెట్టకుండా వేరే డబ్బాలో పెట్టాలి. అపార్టుమెంట్లలో వంటగది గట్టు కింద అరలో పెడుతున్నారు, వరద వస్తే మొదట మునిగేది అదే. పై అరలోకి ఎక్కించండి.

మా ఇళ్లలో ఈ తిండి ఎన్నడూ పాతబడేది కాదు, ఎందుకంటే తినేసేవాళ్లం. తొలి ఏకాదశికి డబ్బాలు కడిగి, ఎండబెట్టి, కొత్త సరుకుతో నింపేవాళ్లు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫాన్ల కాలం అలా దాటేది. సంక్రాంతికి ఎలాగూ కొత్త బియ్యం వచ్చేవి కాబట్టి మిగిలిన అటుకులు, పప్పు పిల్లలకీ పాలేళ్లకీ పెట్టేసేవాళ్లు. మే నెలలోనూ గాలివానలు వస్తాయని ఉగాదికి ఇంకోసారి నింపేవాళ్లు. ఇప్పుడు కిట్ అని కొని, బీరువా వెనక పడేసి, తారీఖు దాటాక చెత్తబండిలో వేస్తున్నారు. మా కోడలు మాత్రం కిందటి ఏడాది నుంచి డబ్బా మూత మీద టేపు అంటించి నింపిన తారీఖు రాస్తోంది, అటుకులు వేయించి పెట్టే పని మా అబ్బాయిది. మంచినీళ్ల క్యాన్లు ఎప్పటికప్పుడు మార్చే పని నేను తీసుకున్నాను.