దాహానికీ ఓ కటాఫ్ తేదీ!

ముంబయి మురికివాడలో మునిసిపల్ నీళ్లు తాగాలంటే గొంతెండితే సరిపోయేది కాదు. 2000 జనవరి 1కి ముందే గుడిసె వేసుకున్నట్టు కాగితం చూపాల్సి వచ్చేది.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు కుళాయి ఉండేది కాదు. ట్యాంకర్ యజమాని ఎంత ఉదారుడో! ఏ కాగితమూ అడగడు, డబ్బులే అడుగుతాడు. కలరా అయితే అదీ అడగదు.

2014 డిసెంబరులో బాంబే హైకోర్టు కలగజేసుకుంది. గుడిసె అక్రమమైనా నీళ్లు జీవించే హక్కులో భాగమేననీ, ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ల కోసం ఒక విధానం తేవాలనీ చెప్పింది.

కార్పొరేషన్ ఆగమేఘాల మీద కదిలింది. 'అందరికీ నీరు' విధానం 2022లోనే వచ్చేసింది!

మధ్యలో ఏడేళ్లూ ఆ వాడల్లో ఎవరికీ దాహం వేయలేదు కాబోలు. వేసినా, నిబంధనల ప్రకారం అది అక్రమ దాహం.