ఏనుగు నవల, మా బావ పిల్లి

తిరుపతిలో తారురోడ్డు మెత్తబడే రోజులొస్తే మా బావకు ఏనుగులు గుర్తొస్తాయి. "ఈ ఎండలో కలం కదలదురా" అని అటకమీంచి సూట్‌కేసు దించుతాడు. హార్సిలీ హిల్స్‌లో పదిరోజులకు గది. అక్కడ కూర్చుని ఏనుగు మీద నవల రాస్తాడు. ఇది ఏడో వేసవి. నవల రెండో అధ్యాయంలో ఉంది. మొదటి అధ్యాయం మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు పూర్తయింది.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరుంటారు. నోరులేని జీవాల మీద రాస్తానంటూ, బొమ్మలేస్తానంటూ ఏటా చల్లటి చోటు వెతుక్కుంటారు. ఆ జీవాలు పాపం ఎండలోనే తిరుగుతుంటాయి.

ఆ కొండే ఎందుకంటే బావ దగ్గర చరిత్ర సిద్ధంగా ఉంటుంది. కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి బంగళా కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. "కథ కొండమీదే పడుందిరా, ఎత్తుకోవడమే తరువాయి!" అంటాడు. ఎత్తుకోవాలంటే వంగాలి. ఆయనకేమో నడుంనొప్పి.

"ఠాగూరు 1919లో మదనపల్లెలో ఉండగానే కదరా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది!" అంటాడు మళ్లీ. నిజమే. కానీ మదనపల్లె కొండ కిందుంది. ఆ పెద్దాయన పని కిందే అయిపోయింది.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను: "కేశవరెడ్డి డాక్టరు ఉద్యోగం చేసుకుంటూనే 'అతడు అడవిని జయించాడు' రాశాడు కదా బావా, పందుల కాపరి మీద?"

"పందికి కొండెందుకురా? ఏనుగుకు కావాల" అన్నాడు.

రెండేళ్ల కిందట పసుపుగొంతు పికిలిపిట్టను చూడాలని నా బైనాక్యులర్స్ పట్టుకెళ్లాడు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ఇంకెక్కడా కనబడని పిట్ట. వచ్చాక ఫోటో చూపించాడు. కొమ్మ ఉంది. "ఇప్పుడే ఎగిరిపోయింది చూడు" అన్నాడు. పిట్టతో పాటే నా బైనాక్యులర్స్ కూడా.

అదీ క్షమిస్తాను. నా అసలు ఏడుపు గౌరి గురించి. గౌరి ఆయన పిల్లి. పదిరోజులూ దాన్ని చూసుకోవాల్సింది నేను. అక్క కూడా బావతోనే పోతుంది, పదిరోజులు వంట తప్పుతుందని. పాలు గోరువెచ్చగా ఉండాల, మీగడ తీయకూడదు, ఉరిమితే పక్కన కూర్చోవాల అని వెళ్లేముందు అరగంట చెప్తాడు. చెప్తూ దాని తల నిమురుతుంటే కళ్లు చెమరుస్తాయి. ఆ అరగంట కాగితం మీద పెడితే చాలు, మంచి కథవుతుంది. చెప్తే వినడు. పిల్లి అంటే ఇంట్లో మనిషి, దాని మీద రాసేదేముందంటాడు.

ఈసారి నేనూ తెలివి చూపించాను. గౌరి పేరు చెప్పి ఆఫీసుకు సెలవు పెట్టి, బావ ఇంట్లో కూలరు ముందు కూర్చుని ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఇవాళ మూడోరోజు. మొదటి పేరా బాగా కుదిరింది, నాలుగోసారికి.

రాత్రి బావ ఫోన్ చేశాడు. "గౌరి ఏం చేస్తా ఉందిరా?"

"నా కాగితాల మీద పడుకుంది బావా. లేపితే గీరుతుంది. ముందుకు పోవట్లేదు."

అటునుంచి కాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"నీకు పిల్లే కదరా" అన్నాడు బావ. "నాకిక్కడ ఏనుగు పడుకుంది."