అంబాసిడర్ విక్రయ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆదివారపు పత్రికలలో పెళ్లిసంబంధాలకూ ఇళ్లస్థలాలకూ నడుమ, పాత కార్ల అభిమానులు మాత్రమే భక్తితో పారాయణం చేసే ప్రకటన ఒకటి అప్పుడప్పుడు దర్శనమిస్తుంది. ఊరూ ఫోను నంబరూ మారినా దాని పాఠం మాత్రం పెద్దగా మారదు. పైకి పసిపిల్లలకు సైతం బోధపడేటట్లు కనిపిస్తూ లోపల గూఢార్థాలను దాచుకొన్న ఈ వాక్యానికి టీక లేకపోవడం వల్ల, సామాన్య పాఠకులు దీనిని వాచ్యార్థంలోనే గ్రహించి బయానా సమర్పించుకొంటున్నారు గనుక ఈ వ్యాఖ్య అవసరమైంది.

మూలం: అమ్మబడును. 1960 మోడల్ అంబాసిడర్, ఒరిజినల్, తక్కువ తిరిగినది, రన్నింగ్ కండిషన్, కొద్దిగా పని ఉన్నది. నిజమైన అభిమానులు మాత్రమే సంప్రదించగలరు.

ప్రతిపదార్థం: అమ్మబడును = అమ్మడానికి యజమానికి మనసొప్పదు గాని ఇంట్లోవారు ఊరుకోవడం లేదు; 1960 మోడల్ = ఆర్.సి. పుస్తకంలో ఆ అంకె ఉన్నది; అంబాసిడర్ = ఆ పేరుగల కారు; ఒరిజినల్ = వివాదాస్పదం, కింద చూడదగును; తక్కువ తిరిగినది = ఎక్కువ కాలం షెడ్డులో నిలిచినది; రన్నింగ్ కండిషన్ = పల్లం ఉన్నచోట నడుచును; కొద్దిగా పని ఉన్నది = చాలా పని ఉన్నది; నిజమైన అభిమానులు = బేరమాడనివారు; సంప్రదించగలరు = వచ్చి చూసి, టీ తాగి, ధర విని, కాసేపు మౌనంగా కూర్చొనగలరు.

వ్యాఖ్య: ‘అంబాసిడర్’ అనగా బ్రిటన్‌లో 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన వాహనం. మాతృక 1959 నాటికే స్వదేశంలో ఆగిపోగా, దాని భారతీయ రూపం మాత్రం మంత్రులనూ కలెక్టర్లనూ పెళ్లికొడుకులనూ మోస్తూ 2014 మే వరకు తయారవుతూనే ఉన్నది. ఆయుర్దాయంలో మూలాన్ని మించిన అనువాదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. 1960 నాటి కారును నేటి అభిమానులు ‘మార్క్ వన్’ అంటారు గాని, రెండో కొడుకు పుట్టేదాకా ఎవరినీ పెద్దకొడుకు అననట్లే, ‘మార్క్ టూ’ వచ్చేదాకా దానికి ఆ పేరు లేదు. కాబట్టి 1960లోనే దీనిని మార్క్ వన్‌గా కొన్నామని చెప్పే విక్రేతను కొంచెం జాగ్రత్తగా వినవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక పూర్వపక్షం, అనగా ఎదుటివారి వాదం ఉన్నది. 1960 నాటి కారు ‘వింటేజ్’ కానే కాదని వారంటారు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు లెక్కలో 1919 నుండి 1930 వరకు తయారైనవే వింటేజ్ కార్లు. వాటికి ముందువి ఎడ్వర్డియన్, ఇంకా ముందువి వెటరన్. 1960 నాటిది మహా అయితే ‘క్లాసిక్’. ఈ వాదం పండితోచితమే గాని, ఒక చిన్న సంగతి గమనించదగును: ఆ క్లబ్బును స్థాపించినవారు కొన్నేళ్ల వయసే ఉన్న కార్లను కూడా గతించిన స్వర్ణయుగపు అవశేషాలుగా చూసి, 1930 తర్వాత కార్లలో మునుపటి పనితనం లేదని నిట్టూర్చారు. కనుక వెనుకటి రోజులే మంచివన్న నిట్టూర్పు ఈ శాస్త్రంలో మధ్యలో వచ్చి చేరింది కాదు, పునాదిలోనే ఉన్నది. సిద్ధాంతం ఏమనగా, 2021లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వింటేజ్ వాహనాలే. వాటి నంబరు పలకపై ‘వి.ఎ.’ అన్న అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. బ్రిటిష్ క్లబ్బు నిరాకరించిన పట్టాన్ని రవాణా కార్యాలయం కట్టబెడుతున్నది గనుక వివాదం ఇంతటితో తీరింది.

‘ఒరిజినల్’ అన్నది ఈ వాక్యానికంతటికీ ప్రాణపదం. మూలంలో లేనిది రాయననీ అనవసరమైనది చెప్పననీ, నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడుగా చెప్పే మల్లినాథ సూరి వ్యాఖ్యాతగా నియమం పెట్టుకొన్నాడు. పాత కార్ల లోకంలో ఒరిజినాలిటీ అంటే ఆ నియమాన్నే స్పానరుతో పాటించడం. ఫ్యాక్టరీ అనే మూలంలో లేని నట్టును బిగించరాదు, ఉన్న నట్టును వదలరాదు. ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ ఫ్యాక్టరీలో పడినవే ఉండవలెను. దీనినే ‘మ్యాచింగ్ నంబర్స్’ అంటారు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ సైతం, కొత్తదానిలా మెరిపించడం కంటె ఉన్నదానిని ఉన్నట్లు కాపాడడమే మేలని చెబుతుంది. మన 2021 నిబంధనలు మరొక మెట్టెక్కి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజన్‌లో గాని మార్పులు చేయడం వంటి భారీ ఓవర్‌హాలు జరగకుండా వాహనం అసలు రూపంలోనే ఉండవలెనని కోరుతున్నాయి. మన వానలలో, అందులోనూ కోస్తా ఉప్పుగాలిలో, అరవై ఏళ్లకు పైగా నిలిచిన ఉక్కురేకు తనంతట తానే చేసుకొనే మార్పుల గురించి నిబంధన మౌనం వహించింది. తుప్పు పట్టిన ఫుట్‌బోర్డును కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, పుట్టీ రుద్ది, రంగు కొట్టించిన తర్వాత ఆ కారు ఒరిజినలా కాదా అన్న ప్రశ్నపై అభిమానులలో రెండు మతాలున్నాయి: తన కారుకు చేస్తే అది సంరక్షణ, ఎదుటివాడి కారుకు చేస్తే అది మార్పు.

‘తక్కువ తిరిగినది’ అన్న పదాన్ని రాజసంబంధమైన వాహనాలకే నిస్సంశయంగా వాడవచ్చును. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారీకి ఇచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చేతికందక ముందే 1911లో ఆయన కన్నుమూశాడు. తర్వాత ఊరేగింపులకే పరిమితమైన ఆ కారు తిరిగినది కొన్ని వందల మైళ్లేనని చెబుతారు. సామాన్య వాహనాల విషయం వేరు. పాత మీటర్లలో చాలావాటికి అయిదంకెలే ఉంటాయి గనుక లక్ష పూర్తికాగానే మీటరు మళ్లీ సున్నా నుండి లెక్క మొదలుపెడుతుంది. మీటరులో 12,000 కనిపిస్తే దానికి ముందు ఎన్ని లక్షలు లోపించాయో ఊహించుకోవడం పాఠకుని ప్రతిభకు వదిలిన విషయం.

‘కొద్దిగా పని’ అన్నచోట లక్షణ, అనగా వాచ్యార్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన వేరొక అర్థాన్ని తెలిపే శబ్దశక్తి, ప్రవర్తిస్తున్నది. 1489 సి.సి. గల ఆ కాలపు ఇంజన్ సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడినది. కాలినప్పుడు ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చొనే చోట పొరగా ఏర్పడి అరుగుదలను ఆపేది. 2000లో దేశమంతటా సీసం పెట్రోలు పోవడంతో వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు వేయించవలసి వచ్చింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. అది నీటిని పీల్చుకొంటుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బించి పగులగొడుతుంది. బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. గేరు రాడ్డు స్టీరింగు కింద ఉంటుంది. దాని లింకులు అరిగితే రెండో గేరు కోసం వెతకడం ఒక తపస్సు. ఇన్నిటినీ ‘కొద్దిగా’లో ఇమిడ్చిన విక్రేత సంక్షేపశక్తి మెచ్చదగినది.

ఇక ‘నిజమైన అభిమానులు’. అలంకారశాస్త్రం నాయికలను అవస్థను బట్టి ఎనిమిది విధాలుగా చెప్పింది. వాటిలో కొన్ని వీరికి కొలిచి కుట్టినట్లు సరిపోతాయి. ర్యాలీకి ముందురాత్రి బంపరు క్రోమును తుడిచి తుడిచి, హార్న్ రింగుకు సైతం పాలిష్ పెట్టి, తెల్లవారడం కోసం కాచుకొన్నవాడు వాసకసజ్జిక, అనగా ప్రియుని రాకకై సర్వం సిద్ధం చేసుకొన్నది. ఇంగ్లండు నుండి రావలసిన కార్బురేటర్ గాస్కెట్టు కస్టమ్స్‌లో ఆగగా రోజూ వాకిలి చూసేవాడు విరహోత్కంఠిత. బయానాతో బస్సెక్కి వెళ్లేసరికి కారును నిన్ననే అమ్మేశామని విన్నవాడు విప్రలబ్ధ, సంకేతస్థలంలో మోసపోయినది. బానెట్ ఎత్తగానే పెట్రోలు ఇంజన్ ఉండవలసిన చోట డీజిల్ ఇంజన్‌ను చూసి, పరస్త్రీ చిహ్నాలతో తెల్లవారి ఇల్లు చేరిన భర్తను చూసినట్లు నిశ్చేష్టుడైనవాడు ఖండిత. డాలస్‌లో ఉద్యోగం చేస్తూ, విజయవాడ షెడ్డులో కవరు కింద ఉన్న తాతగారి కారును వీడియో కాల్‌లో వారానికొకసారి స్టార్టు చేయించుకొనేవాడు ప్రోషితభర్తృక కోవలో చేరతాడు. అయితే శాస్త్ర ప్రకారం విదేశం వెళ్లవలసినది నాయకుడు గనుక ఇక్కడ ఆ అవస్థ కారుదేనని కొందరి మతం, అది ఒప్పుకోదగినదే.

స్వాధీనపతికకు, అనగా భర్తను చెప్పుచేతల్లో ఉంచుకొన్నదానికి, మాత్రం ఉదాహరణ దొరకడం దుర్లభం, ఎందుకనగా చెప్పినట్లు వినే పాత కారు అరుదు. 1982లో ఎన్.టి. రామారావు ప్రచారానికి పాత షెవర్లే వ్యానునే చైతన్యరథంగా మార్చుకొని, కుమారుడు హరికృష్ణ నడుపగా రాష్ట్రమంతటా తిరిగిన సందర్భం ఒక్కటి ఇక్కడ చెప్పదగును. తక్కినవారి విషయంలో ఫీవా నిర్వచనమే ప్రమాణం: చారిత్రక వాహనమంటే 30 ఏళ్లు దాటినదే గాక, నిత్యప్రయాణానికి వాడనిదై ఉండవలెను. ప్రయాణం మానుకొన్నందుకే వాహనానికి గౌరవం దక్కే శాస్త్రం ఇదొక్కటే కావచ్చు.

తాత్పర్యం: తండ్రి కొన్న కారును కొడుకు వాడలేక, పారేయలేక, ఇన్నేళ్లు షెడ్డులో నిలిపి, తనకంటె దానిమీద ఎక్కువ ఖర్చుపెట్టగల మనిషి కోసం ఎదురుచూస్తున్నాడని భావం. కొనదలచిన పాఠకులు ఛాసిస్ నంబరునూ ఇంజన్ నంబరునూ ఆర్.సి. పుస్తకంతో సరిచూసి, కార్పెట్టు ఎత్తి ఫ్లోరు తుప్పును స్వయంగా పరీక్షించి, ఆ తర్వాతనే బయానా ఇవ్వవలసినదిగా మనవి.