తీరం లేని తీరపక్షి

తీరపక్షుల ఛాయాచిత్రకళలో నేడు పరమధర్మంగా చలామణి అవుతున్న సూత్రం ఒక్కటే: పిట్ట ఉండాలి, తీరం ఉండకూడదు. సముద్రం పాటు తీసినప్పుడు బయటపడే బురదనేలల మీద పురుగులనూ గుల్లలనూ ఏరుకుతినే ఉల్లంకి వంటి పిట్టలను తీరపక్షులంటారని పుస్తకాలు చెబుతుండగా, పోటీలకు వెళ్లే ఫొటోలలో ఆ బురద మీగడరంగు మంచుగానూ, పక్కనున్న వేలాది పిట్టలు 'అడ్డు'గానూ మారిపోయి, నేల మీద నిలిచిందో గాలిలో వేలాడుతోందో తెలియని ఏకాకి ఒకటి మిగులుతుంది. దీనికి పెట్టిన ముద్దుపేరు సహజత్వం.

ఎక్స్‌పోజర్ విషయంలో, అంటే కెమెరాలోకి ఎంత వెలుతురును రానివ్వాలన్న లెక్కలో, ఈ కళాకారుల నిష్ఠను శంకించడానికి వీల్లేదు. వెలుతురును కొలిచే మీటరు ఎదుటనున్న దృశ్యం ఏదైనా దాన్ని సగటు బూడిదరంగుగానే భావిస్తుంది కనుక, నల్లని తడి బురద మధ్య తెల్లని అవొసెట్ నిలబడితే, బురదను చూసి మోసపోయి వెలుతురును పెంచి, పిట్ట రొమ్ము మీది ఈకలను వట్టి తెల్లకాగితం చేసేస్తుంది. అలా పోయిన వివరాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. అందుకే వీరు చిత్రంలోని చీకటి వెలుగుల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ అనే పటాన్ని మాటిమాటికీ చూసుకుంటూ, దాని కుప్ప కుడి అంచుకు తగలకుండా వెలుతురును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. ఒక్క ఈక వివరమైనా పోకూడదన్న ఈ తపన మెచ్చదగినదే. చిక్కల్లా ఏమిటంటే, ఈకను ఇంత భద్రంగా ఇంటికి తెచ్చినవారే ఎడిటింగ్‌కు కూర్చోగానే కాలికి ఎసరు పెడతారు.

కాలికి అంటే కాలి మీది ఆనవాలుకు. వలస పక్షులను పట్టి, లోహపు ఉంగరంతో పాటు 'ఫ్లాగ్' అనే రంగు ప్లాస్టిక్ పలకను కాలికి తొడిగి వదలడం శాస్త్రజ్ఞుల పద్ధతి; పలక రంగు ఆ పక్షిని ఏ దేశంలో పట్టారో చెబితే, దాని మీది అక్షరాలు అది ఫలానా పక్షేనని చెబుతాయి. 1995లో దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగోలో ఉంగరం తొడిగించుకొన్న రెడ్ నాట్ ఒకటి, తరువాత కాలికెక్కిన నారింజ పలక మీది 'బీ95' పుణ్యమా అని 2014 దాకా మళ్లీ మళ్లీ గుర్తింపునకు వచ్చి, చంద్రుడిని చేరేంత దూరం ఎగిరి ఉంటుందన్న అంచనాతో 'మూన్‌బర్డ్' అనిపించుకొంది. 2007లో అలాస్కా నుంచి న్యూజిలాండ్‌కు 11,000 కిలోమీటర్లకు పైగా ఎక్కడా వాలకుండా ఎగిరిన గాడ్‌విట్‌ను లోకం 'ఈ7' అని పిలవడమూ కాలిపలకను చూసే. ఇవే పిట్టలు నేటి కళోపాసకుడి కంటపడి ఉంటే, పలక కంటికి ఇబ్బందిగా ఉందని క్లోన్ పరికరంతో, అంటే చిత్రంలో ఒకచోటి ముక్కను తెచ్చి మరోచోట అతికే సాధనంతో, దాన్ని మాయం చేసి, కింద 'అనామక యాత్రికుడు' అని శీర్షిక తగిలించి ఉండేవాడు.

పలక లేని కాలికైనా క్షేమం లేదు. చలికాలంలో ఒకేలా బూడిదరంగులో ఉండే స్టింట్ అనే చిన్న పిట్టలలో లిటిల్ స్టింట్ కాళ్లు నల్లగా, టెమింక్స్ స్టింట్ కాళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. జాతిని తేల్చే ఆనవాళ్లలో ఇదొకటి. మిట్టమధ్యాహ్నపు ఫొటోకు సాయంకాలపు బంగారు కాంతి పూసేవారు ఈ చిన్న సంగతిని పట్టించుకోరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు కనీసం ఆ కాళ్ల రంగు జోలికి పోలేదు.

ఇక కూర్పు విషయానికొస్తే, బురదలో బోర్లా పడుకొని పిట్ట కంటి ఎత్తు నుంచి తీయాలి, దాని తల కెమెరా వైపు రవ్వంత తిరగాలి, కంట్లో వెలుగు చుక్క మెరవాలి, ముక్కుకు ముందు ఖాళీ ఉండాలి అన్న నియమాలన్నీ కలిసి పెళ్లిచూపులకు పంపే స్టూడియో ఫొటోను తలపిస్తాయి. రోజులో మెలకువగా ఉన్నంతసేపూ చాలావరకు ముక్కును బురదలో దించి మేసే పిట్ట, మేస్తూ దొరికితే మాత్రం ఎంపికకు పనికిరాదు. ముక్కుకు బురద అంటితే తుడిచేస్తారు, 2020 నుంచి ఫొటోషాప్‌లో ఆకాశాన్నే మార్చే వీలుంది కనుక మబ్బునూ మార్చేస్తారు.

నిలబడ్డ పిట్ట విసుగనిపిస్తే ఎగిరే గుంపు కావాలంటారు. కోరింగ మడ అడవులను ఆనుకొన్న కాకినాడ తీరంలో, అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్‌తో సహా చలికాలపు వలస పిట్టలు, పోటు వచ్చి మేతనేల మునిగినప్పుడు మిగిలిన ఇసుకదిబ్బ మీద ఒదిగి విశ్రాంతి తీసుకొంటాయి. తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకోవలసిన ఆ శరీరాలను చప్పట్లు కొట్టి లేపి, ఆ గగ్గోలును తీసిన ఫొటోకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే ప్రసిద్ధ పోటీలో బహుమతి పొందిన ఒక యాంట్‌ఈటర్ చిత్రాన్ని, అందులోని జంతువు లోపల కూరి నిలబెట్టిన చచ్చిన నమూనాయే అయి ఉండవచ్చని నిపుణులు అభిప్రాయపడడంతో, 2018లో అనర్హంగా ప్రకటించారు. తీరపక్షుల కళాకారులను ఆ గాటన కట్టడం అన్యాయం. వీరు చచ్చినదాన్ని బతికినట్టు చూపరు, బతికినదాన్నే కూరిన బొమ్మగా మారుస్తారు. కెమెరా నమోదు చేసిన అసలు సమాచారమైన 'రా' ఫైలును పోటీవారు అడిగిన రోజున, మెమరీ కార్డు పాపం ఎప్పుడూ అంతకు ముందురోజే చెడిపోయి ఉంటుంది.