బకెట్ సీటూ, నా నడుమూ

డాలస్ చుట్టుపక్కల మా వయసు తెలుగువాళ్లు పెరట్లో గోంగూర వేస్తారు, లేదా తెలుగు సంఘం ఎన్నికల్లో నిలబడతారు. రెండూ ఆరోగ్యకరమైన అలవాట్లే. నేను మాత్రం రెండు సీట్ల కారు కొన్నాను.

1994 నాటి మాజ్దా మియాటా. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం ముందుకొచ్చిన మోడల్. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైంది మరొకటి లేదని గిన్నిస్ వాళ్లే రాసుకున్నారు. స్విచ్ నొక్కితే బానెట్‌లోంచి లైట్లు పైకి లేస్తాయి. పైకప్పు చేత్తో వెనక్కి మడిచేయొచ్చు. ఇవన్నీ చెప్పి నేను ఊపిరి తీసుకునే లోపల మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది.

"ఇంట్లో నలుగురం ఉన్నాం కదండీ, మిగతా ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారు?"

పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందంటారు. నా కారుది తిరగేసిన లెక్క. ఒక్కడెక్కినా చోటు చాలదు, ఆ ఒక్కడూ నేనైతే.

తప్పు కారుది కాదు. నేను ఆరడుగుల మనిషిని, అడ్డంగా కూడా ఆ నిష్పత్తిలోనే పెరిగాను. కూర్చుంటే ముందు అద్దం పైచట్రం సరిగ్గా నా కళ్లకెదురుగా వస్తుంది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పచ్చబడిందో లేదో వంగి చూసుకోవాలి. వంగితే స్టీరింగు బొజ్జకి తగులుతుంది, హారన్ మోగుతుంది. ముందున్న పికప్ ట్రక్కు వాడు దిగి వస్తాడేమోనని భయం. టెక్సస్‌లో అది చిన్న భయం కాదు.

పొడగరి మియాటాదారులకి దీనికో పాత చిట్కా ఉంది. సీటు విప్పి, తొడుగుని పట్టుకున్న ఇనప రింగులు ఊడదీసి, లోపలి ఫోమ్‌ని కోసేయడం. రెండంగుళాలు కోస్తే మనిషి రెండంగుళాలు దిగుతాడు. అమెరికన్లు దీనికి టర్కీ కోడిని కోసే కరెంటు కత్తి వాడతారు. మేం శాకాహారులం. మా ఇంట్లో ఉన్నది తెనాలి నుంచి చేతిసంచిలో రానివ్వరని పెద్ద పెట్టెలో దాచి తెచ్చుకున్న పనసకాయ కత్తిపీట. కాలి కింద పీట, ఎదురుగా ఫోమ్, ఒళ్లంతా పసుప్పచ్చ పొడి. ఆ పొడి గ్యారేజీ దాటి వంటింటి దాకా ఎలా వచ్చిందన్న విచారణ ఇంకా ముగియలేదు.

దిగడం దిగాను. కాకపోతే ఫోమ్ ఎందుకుంటుందో దిగాకే తెలిసింది. కూర్చున్న మనిషి వెన్నుకి సెకనుకి అయిదుసార్ల దగ్గర కుదుపు పడితే అస్సలు గిట్టదు. ఆ వేగంలో ఒళ్లు కుదుపుని తగ్గించుకోకపోగా పెంచుకుంటుంది. టైరు నుంచి, స్ప్రింగు నుంచి తప్పించుకొచ్చిన అదురుని చివరగా ఆపాల్సింది సీటే. నేను ఆ చివరి కాపలావాణ్ణి పనసపొట్టు కొట్టినట్టు కొట్టేశాను. హైవే మీద సిమెంటు పలకల అతుకులన్నీ నా నడుముకి కంఠతా వచ్చేశాయి.

ఇక కొత్త సీట్లే శరణ్యమని తేలాక నాలో చరిత్రకారుడు మేలుకున్నాడు. భోజనాల దగ్గర రెకారో సీట్ల కథ మొదలుపెట్టాను. స్టుట్‌గార్ట్‌లో రాయిటర్ అనే బాడీల కంపెనీ పోర్షాకి బాడీలు కట్టేది. 1963లో ఆ కర్మాగారాన్ని పోర్షాకే అమ్మేసి, సీట్ల పని మాత్రం రెకారో పేరుతో తమ దగ్గర ఉంచుకున్నారు. కారు ఒంటిని వదులుకుని కుర్చీ దాచుకున్నారంటే వాళ్లెంత దూరదృష్టిపరులో చూడమన్నాను. "అన్నం చల్లారిపోతోంది, అదీ చూడండి" అంది మా ఆవిడ.

అంత పేరున్న సీట్ల ధర చూశాక నా దూరదృష్టి కొంచెం మందగించింది. పేరు చెప్పుకోనక్కర్లేని ఒక జత కొన్నాను. వీపు వంగని, వాలని ఫైబర్‌గ్లాస్ బకెట్ సీట్లు. ఆర్డర్ ఫారంలో నడుము కొలత అడిగారు. ప్యాంటు లేబుల్ మీద 34 అని ఉంది, అదే రాశాను. ఆ ప్యాంటుని బొజ్జ కింద కట్టుకుంటానన్న సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

బిగింపు రోజున పర్యవేక్షణకి మావగారు వచ్చి నిలబడ్డారు. తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరై, ఆరు నెలలుందామని వచ్చారు. పాత సీటు నాలుగు బోల్టుల మీద ఉంటుంది, అంతే. బెల్టు కొక్కెం సీటుకే ఉంటుంది కాబట్టి దాన్ని కొత్తదానికి మార్చాలి. నా కారు పాతది కావడం ఒకందుకు మంచిదైంది. కొత్త కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు సీట్లోనే దాక్కుని ఉంటుంది, సీటు తీస్తే అదీ పోతుంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. దాన్ని ఏమార్చడానికి కొందరు చిన్న రెసిస్టర్ తగిలిస్తారు. దీపం ఆరుతుంది, ప్రమాదం వచ్చిననాడు బ్యాగు మాత్రం రాదు. అలాగే అయిదు పట్టీల రేసు బెల్టుల మోజు కూడా నాకు కలిగింది. రోల్ బార్ లేని కారులో అవి కట్టుకుంటే, బండి బోల్తా పడినప్పుడు మనిషి పక్కకి వాలే వీలుండదు. పైకప్పు గుడ్డదైనప్పుడు ఆ బరువంతా పడేది నా నెత్తిమీదే. పాత బెల్టే ఉంచాను.

మావగారు కొత్త సీటు వెనకున్న, కార్ల రేసుల సంస్థ ఎఫ్ఐఏ వాళ్ల చీటీ చదివారు. రేసుల్లో అయితే ఇలాంటి సీటుకి తయారైన ఏడాది నుంచి 5 ఏళ్లే గడువని నేనే పెద్దరికంగా వివరించాను.

"అయిదేళ్లకి చెల్లిపోయే కుర్చీకా ఇంత డబ్బు, అల్లుడుగారూ? మా నాన్నగారి పడక్కుర్చీ ఇప్పటికీ ఉంది. గుడ్డ మారిస్తే చాలు."

ఎక్కడం గురించి క్లుప్తంగా చెబుతాను. తొడలకి రెండు పక్కలా గట్లుంటాయి. మలుపుల్లో మనిషి జారకుండా పట్టుకోవడం వాటి పని. నన్ను మలుపు రాకముందే, గ్యారేజీలోనే పట్టుకున్నాయి. దిగడానికి పైకప్పు మడిచి, మావగారు ఒక చెయ్యి, మా అబ్బాయి ఒక చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. వాడి రెండో చేతిలో ఫోనుందని అప్పుడు గమనించలేదు. గుంటూరులో మా పెద్దమ్మ ఆ వీడియోకి దండం పెట్టే బొమ్మ పంపింది.

అప్పుడు మా ఆవిడ, "జరగండి, ఓసారి చూద్దాం" అని చున్నీ నడుముకి బిగించి లోపల కూర్చుంది. సరిగ్గా సరిపోయింది. కొలతలిచ్చి చేయించుకున్నా అంత బాగా కుదరదు. "నాకు హాయిగానే ఉందండీ. నడుముకి పట్టు కూడా ఉంది" అంది. హైదరాబాదులో మారుతీ 800 మీద నేర్చుకున్న గేర్లు ఇరవై ఏళ్ల ఆటోమేటిక్ సంసారంలోనూ మర్చిపోలేదు. ఒక్కసారి కూడా ఇంజను ఆపకుండా వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. నాకు ఇప్పటికీ రెండో గేరులో గరగర వస్తుంది.

ఇప్పుడు శనివారం కూరలకి వెళ్లేది ఆ కారే, నడిపేది ఆవిడే. పక్క సీటూ అదే సైజు కాబట్టి అందులో కరివేపాకు, సొరకాయ, అప్పుడప్పుడు మా అమ్మాయి కూర్చుంటారు. నేను ఇంట్లో ఉంటాను.

ఇంట్లోనైనా కుర్చీ ఉందనుకుంటే పొరపాటు. కత్తిపీట తగలని పాత పక్కసీటుకి ఒక చెక్క పీఠం కొట్టి హాల్లో పెట్టాను, నా కోసమే. ఆ సీట్లో ఒక విశేషముంది. పైకప్పు తీసి వెళ్లేటప్పుడు గాలిహోరులో పాట వినబడాలని తలగడలోనే స్పీకర్లు పెట్టారు. వాటికి పాత యాంప్లిఫయర్ తగిలించి ఘంటసాల పద్యాలు వేశాను. మావగారు "ఏదీ, ఓసారి" అని కూర్చున్నారు. లేవలేదు. నేను దగ్గరికెళ్తే కళ్లు మూసుకుంటారు, పక్కకెళ్తే పద్యం మారుస్తారు.

వచ్చే నెల ఆయన తిరుగు ప్రయాణం. నిన్న బాత్రూంలోంచి బరువు చూసే మిషను తెప్పించి, సీటుని దానిమీద పెట్టమన్నారు. విమానంలో ఒక్కో పెట్టెకి 23 కిలోలట. పీఠం విప్పితే సరిపోతుందని కాగితం మీద లెక్క కూడా తేల్చి చూపించారు.