లేచిపోయే రోజులే నయం

మహారాజశ్రీ పెద్దలకు బాపట్ల వాస్తవ్యుడొకడు చేసుకుంటున్న విన్నపం. మా అమ్మాయి కేరళలోని కొట్టాయం క్రైస్తవుల కుర్రాణ్ణి ప్రేమించింది. నా ఫిర్యాదు అందుకు కాదు. లేచిపోనంటోంది, అందుకు.

ఈ విషయంలో మన ప్రాంతానికో సంప్రదాయం ఉంది. తెనాలిలో పెరిగిన చలం 1927లోనే ‘మైదానం’ రాశాడు. ప్లీడరుగారి భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ కల్యాణమండపం బుక్ చెయ్యమని ఎవర్నీ అడగలేదు. 1938లో ఆయన కథతోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. అందులో శాస్త్రిగారి అబ్బాయి, కాంచనమాల వేసిన మాలపిల్లను ప్రేమించాడు. సుందరరామశాస్త్రిగారు మండిపడి, ఆఖర్లో మెత్తబడ్డారు. తండ్రికైన ఖర్చల్లా ఆ కోపమే!

మరి నాకో? ఇక్కడ పెళ్లి, అక్కడ విందు. రెండు చోట్లా వంటలు, రైలు నిండా చుట్టాలు. వాళ్ల విందులో గొడ్డుమాంసం ఉంటుందట కదా అని మా బావమరిది ఇప్పటికే మూడుసార్లు వాకబు చేశాడు. ఆ గొంతులో ఆక్షేపణ కన్నా ఆకలే ఎక్కువ వినపడింది. మా ఆవిడకు కులమూ మతమూ అడ్డు రాలేదు గానీ, చేపల పులుసులో చింతపండు బదులు కుడంపులి వేస్తారని తెలిశాక ఒక పూట అన్నం మానేసింది.

చట్టమైనా ఆదుకుంటుందేమోనని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తిరగేశాను. ఆఫీసులో నోటీసు అంటిస్తారు, 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే వయసు చాలకపోవడం, ముందే ఒక పెళ్లయి ఉండడం, వావి కుదరకపోవడం లాంటివే పనికొస్తాయట. చింతపండు ఊసే లేదు. పైగా వెనక నిషిద్ధ బంధువుల పట్టికొకటి. అందులో, మనం బొడ్డు కొయ్యకముందే ఖాయం చేసుకునే మేనత్త కొడుకు ఉన్నాడు. కొట్టాయం కుర్రాడు లేడు!

ఇదంతా మా అమ్మాయికి వినిపించాను.

“అయితే ఏ అడ్డూ లేదన్నమాట! థాంక్స్ నాన్నా,” అంది. ముగ్గురు సాక్షులు కావాలట, మొదటి పేరు నాదే రాసుకుంది. ఆధార్ జిరాక్స్ కూడా నన్నే తీయించుకోమంది, నా ఖర్చుతో.